కురుమాను తోటమాలి – రాబర్ట్ మొఫాట్ గారి జీవితము



మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండించుకొని కృతజ్ఞతారాధనలు జరుపుకొనుచున్న ఈ తరుణములో, సువార్త కొరకు దూర దేశములకు వెళ్ళినవారి జీవితములను తలచుకొనుట మనకు యుక్తము. ఈ సంచికలో నాకు ఇచ్చిన పుటలలో నేను వ్రాయదలచినది మన దేశమునకు ఎన్నడూ రాని ఒక మిషనెరీని గురించి. ఆయన పేరు రాబర్ట్ మొఫాట్. ఆఫ్రికా ఖండము దక్షిణ భాగములో, కురుమాను అను చోట, ఆయన దాదాపు యాభై సంవత్సరములు సేవ చేశారు. ఆయన చదివి నేర్చిన వృత్తి బోధకత్వము కాదు, తోటపని.

ఈయననే ఎందుకు ఎన్నుకొన్నానంటే, ఈ మధ్య మన యౌవనస్థుల కూడికలలో ఒక మాట తరచుగా వినబడుచున్నది. రెండు మూడు వారములు సెలవు పెట్టుకొని, పదిమంది జట్టుగా ఆఫ్రికాలోని ఒక పేద గ్రామమునకు వెళ్ళి, కూరగాయల తోటలు వేసి రావలెనని వారి కోరిక. కోరిక మంచిది. దానిని నేను చులకన చేయను. అయితే ఆఫ్రికా నేలలో పార పట్టి తోట వేసిన ఒక దైవసేవకునికి అక్కడ ఏమి జరిగినదో, ఆయన ఏమి నేర్చుకొన్నారో, ఏమి నేర్చుకొనలేకపోయారో వారు ముందుగా తెలిసికొనుట మేలని నా తలంపు.

మనకు ఆయనతో దూరపు బంధుత్వము లేకపోలేదు. 1805లో విశాఖపట్నములో దిగి తెలుగు నేర్చుకొని, సువార్తలను తెలుగులోనికి తర్జుమా చేయ మొదలిడిన క్రాన్, డెగ్రాంజ్ అను దైవజనులను పంపినది లండన్ మిషనెరీ సొసైటీ. పిమ్మట కడప, బళ్ళారి ప్రాంతములలో పనిచేసినదియు ఆ సొసైటీయే. 1816లో మొఫాట్ గారిని ఆఫ్రికాకు పంపినదియు అదే. ఒకే ఇంటినుండి బయలుదేరిన అన్నదమ్ములలో ఒకరు తూర్పునకు, ఒకరు దక్షిణమునకు వెళ్ళినట్లు అనుకొనవచ్చును.

చలిలో పార పట్టిన బాలుడు

రాబర్ట్ మొఫాట్ 1795వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన స్కాట్లాండులోని ఓర్మిస్టన్ గ్రామములో జన్మించారు. తండ్రి సుంకపు శాఖలో చిన్న ఉద్యోగి. ఇంటిలో ధనము లేదు గాని దైవభయము ఉండెను. శీతకాలపు రాత్రులలో తల్లి పిల్లలను పొయ్యి చుట్టు కూర్చుండబెట్టుకొని, వారు చేతిపని చేయుచుండగా, దూర దేశములలోని మిషనెరీల కథలు చదివి వినిపించెడిది. పాఠశాల చదువు ఆయనకు ఎక్కువగా అబ్బలేదు.

పదునాలుగేండ్ల వయస్సులో తల్లిదండ్రులు ఆయనను ఒక తోటమాలి వద్ద పనికి కుదిర్చారు. తెల్లవారుజామున నాలుగు గంటలకే పని మొదలు. స్కాట్లాండు చలిలో వ్రేళ్ళు కొంకర్లు పోయి స్పర్శ తెలియకపోతే, పిల్లలు పార కామకు వ్రేళ్ళ కణుపులు కొట్టుకొని చేతులకు చురుకు తెచ్చుకొనెడివారు. కూలి తక్కువ, తిండి అంతంతమాత్రము. అయినను సాయంకాలములలో ఆయన కొంత లాటిను, కొంత రేఖాగణితము నేర్చుకొన్నారు. కమ్మరి కొలిమివద్ద సుత్తి పట్టుట నేర్చుకొన్నారు. వయొలిన్ వాయించుట కూడ పట్టుబడినది. ఈ చిల్లర విద్యలన్నియు ఒకనాడు ఎడారి అంచున అక్కరకు వచ్చునని ఆనాడు ఎవరికి తెలియును?

1813లో పని వెదకుకొనుచు ఆయన ఇంగ్లండులోని చెషైర్ జిల్లాకు వెళ్ళి, హై లీ అను ఎస్టేటులో తోటమాలిగా చేరారు. అక్కడ మెథడిస్టు విశ్వాసుల సహవాసములో ఆయన హృదయము మారినది. ఒక సాయంకాలము వారింగ్టన్ పట్టణమునకు నడచి వెళ్ళుచుండగా, మిషనెరీ సభను గూర్చిన ఒక ప్రకటన కాగితము ఆయన కంట పడినది. ఆ సభ అప్పటికే జరిగిపోయినది. కాని తల్లి చదివి వినిపించిన కథలన్నియు ఒక్కసారిగా మనస్సులో మెదిలినవి. ఆ ప్రకటనలో పేరున్న మాంచెస్టర్ పాదిరి విలియం రోబీ గారిని వెదకుకొనుచు ఆయన వెళ్ళారు.

రోబీ గారు ఈ యువకుని దగ్గర ఉంచుకొని కొంత బైబిలు విద్య నేర్పదలచి, సమీపమున డకిన్‌ఫీల్డులో జేమ్స్ స్మిత్ అనునాయన నర్సరీలో పని ఇప్పించారు. అక్కడ యజమాని కుమార్తె మేరీ స్మిత్ మిషనరీ సేవయెడల మిక్కిలి ఆసక్తి గలది. వీరిద్దరును ఒకరినొకరు ఇష్టపడ్డారు. మొఫాట్ గారు ఇరువది సంవత్సరముల వయస్సులో, 1816 సెప్టెంబరు 30న, లండనులోని సర్రీ చాపెలులో సేవకు ప్రతిష్ఠింపబడి, అక్టోబరులో ఓడ ఎక్కారు. ఏకైక కుమార్తెను అంత దూరము పంపుటకు మేరీ తల్లిదండ్రులు ఒప్పుకొనలేదు. ఆయన ఒంటరిగానే వెళ్ళారు.

బందిపోటుతో సహవాసము

1817 జనవరిలో ఓడ కేప్‌టౌను చేరినది. సరిహద్దు దాటి లోపలికి వెళ్ళుటకు గవర్నరు వెంటనే అనుమతి ఇవ్వలేదు. ఆ నిరీక్షణ కాలములో మొఫాట్ గారు డచ్చి భాష నేర్చుకొన్నారు. అనుమతి వచ్చిన పిమ్మట ఉత్తరముగా నమక్వా దేశమునకు బయలుదేరి, 1818 జనవరిలో యాగర్ ఆఫ్రికానర్ అను నాయకుని నివాసమునకు చేరుకొన్నారు. ఈ ఆఫ్రికానర్ ఒకప్పుడు కాలనీ సరిహద్దును గడగడలాడించిన బందిపోటు. అతని పట్టించినవారికి ప్రభుత్వము బహుమానము ప్రకటించియుండెను. దారిలోని డచ్చి రైతులందరును మొఫాట్ గారు ప్రాణములతో తిరిగి రారని ఆయన కొరకు దుఃఖించారు.

జరిగినది వేరు. ఆఫ్రికానర్ అప్పటికే సువార్త విని మారినవాడు. అతని ఆజ్ఞపై అక్కడి స్త్రీలు కొయ్యలు, చాపలు తెచ్చి కొద్దిసేపటిలోనే పాదిరిగారికి గుడిసె కట్టి ఇచ్చారు. తోటమాలి చేతికి అక్కడ పని దొరకలేదు. ఎండిన నేల, అరుదైన వాన. ఆయన ఆహారము పాలు, మాంసము మాత్రమే. జ్వరముతో తెలివి తప్పి పడియున్నప్పుడు మంచము ప్రక్కన కూర్చుండి పరిచర్య చేసినది ఆ మాజీ బందిపోటే. 1819లో మొఫాట్ గారు అతనిని వెంటబెట్టుకొని కేప్‌టౌనుకు వెళ్ళగా, గవర్నరు ఆశ్చర్యపడి, ఒకనాడు పట్టివేతకు బహుమానము ప్రకటింపబడిన ఆ మనిషికి ఒక బండిని బహూకరించారు.

సేవ చేయ వెళ్ళినవాడు మొదట సేవ పొందినవాడయ్యెను. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

అదే సంవత్సరము చివర మేరీ స్మిత్ కేప్‌టౌనుకు వచ్చారు. తల్లిదండ్రులు ఎట్టకేలకు మనస్సు కరిగి అనుమతించారు. 1819 డిసెంబరు 27న వారి వివాహము జరిగినది.

నది ఒడ్డున మొదటి తోట

సొసైటీ వారిని సేత్స్వానా భాష మాట్లాడు బత్లాపింగ్ ప్రజల మధ్యకు పంపినది. 1821 మే నెల నుండి వారు కురుమాను నది ప్రాంతములో స్థిరపడ్డారు. అక్కడ మునుపే వచ్చియున్న రాబర్ట్ హామిల్టన్ గారు వారికి సహచరుడు. ఆ ప్రజల అధిపతి పేరు మొతిబి.

ఆ దేశమును కొంచెము ఊహించుకొనుడి. కలహారి ఎడారి అంచు. సాలీనా వాన మన అనంతపురములో కురియు దానికంటె తక్కువ. కాని ఒక చోట సున్నపురాతి గుట్ట క్రిందినుండి ఏడాది పొడుగున మంచినీటి ఊట పైకి ఉబుకుచుండును. దానికి కురుమాను కన్ను అని పేరు. రోజుకు సుమారు 2 కోట్ల లీటర్ల నీరు అక్కడ పుట్టుచుండును. ఆ నీరే నదిగా పారి, కొంత దూరము పోయి, ఇసుకలో ఇంకిపోవును.

అక్కడి ప్రజల వ్యవసాయము వారి ఎరుకకు తగినదే. పురుషులు పశువులను మేపెడివారు, వేటాడెడివారు. స్త్రీలు వాన పడినప్పుడు తొలికతో నేల గీరి జొన్న, అలసంద, గుమ్మడి, పుచ్చ విత్తెడివారు. వాన పడకపోతే పశువుల పాలు, అడవిలోని దుంపలు, కాయలు ఉండెడివి. నదినుండి కాలువ తీసి చేనుకు నీరు పెట్టుట వారి ఆచారములో లేదు.

మొఫాట్ గారు తోటమాలి గదా! ఎండిన నేల ప్రక్కన నీరు వృథాగా పోవుట ఆయన చూడలేకపోయారు. హామిల్టన్ గారితో కలిసి నదికి అడ్డముగా కట్ట వేసి, మైళ్ళ పొడవున కాలువ తవ్వి, మిషను తోటకు నీరు తెచ్చారు. గోధుమ మొలిచినది, కూరగాయలు పెరిగినవి. ఒక క్రైస్తవ గృహస్థుని శ్రమ చూచి ప్రజలందరును సంతోషించి నేర్చుకొందురని ఆయన తలంచారు.

గండి కొట్టిన స్త్రీలు

ఆ కాలువ దారిలోనే ఆ గ్రామపు స్త్రీల చేలు ఉండెను. నీరు తమ చేల ప్రక్కనుండి పోయి పాదిరిగారి తోటను పచ్చగా చేయుచుండగా వారు చూస్తూ ఊరకుండలేదు. కాలువకు గండి కొట్టి తమ చేలకు నీరు మళ్ళించుకొన్నారు. మిషను తోట వాడిపోసాగినది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, అందరును నీడ పట్టున ఉన్న వేళ, మొఫాట్ గారును హామిల్టన్ గారును పార భుజాన వేసుకొని మైళ్ళు నడచి వెళ్ళి గండి పూడ్చి వచ్చెడివారు. వారు ఇల్లు చేరకముందే మరియొక చోట గండి పడెడిది. ఒక్కొక్కప్పుడు త్రాగుటకు కూడ నీరు రాకపోయెడిది. ఇది తగదని పాదిరిగారు మందలించగా, ఆ స్త్రీలు కోపించి, తొలికలు చేతబట్టుకొని పోయి, నదిలోని కట్టనే నేలమట్టము చేశారు. నీరు తన పాత దారిని పోయినది.

పొలములో పండిన కూరగాయలు పగలు కొన్ని, రాత్రి కొన్ని పోయెడివి. తోటలో మరచిన పనిముట్టు మరునాటికి కనబడెడిది కాదు.

ఈ సంగతిని మన పూర్వపు జీవితచరిత్రలలో అన్యుల మూర్ఖత్వమునకు, మిషనెరీ సహనమునకు దృష్టాంతముగా చెప్పుచు వచ్చారు. సహనము నిజమే. అయితే ఆ స్త్రీలను మన ఊరి కన్నులతో ఒకసారి చూడుడి. మన చెరువు క్రింది ఆయకట్టులో ఎగువ రైతు, దిగువ రైతు అని ఉందురు. ఎవరి వంతు ఏ రోజు, ఏ జాము అని కట్టుబాటు ఉండును. తూము ఎత్తుటకు నీరుకట్టు ఉండును. కట్టుబాటు లేకుండ క్రొత్తగా వచ్చినవాడు ఒకడు నా చేని గట్టునుండి కాలువ తీసికొని పోయి, నాకు ఒక చుక్క వంతు పెట్టకపోతే, నేను ఏమి చేయుదును? నది వారిది, నేల వారిది, చేలు వారివి. నీటిపై తమకును సమానమైన హక్కు కలదని ఆ స్త్రీలు తలంచుట సహజమేనని మొఫాట్ గారే 1842లో ప్రచురించిన తన గ్రంథములో అంగీకరించారు. ఆయన గొప్పతనము నాకు కనబడునది అక్కడనే. తనకు నష్టము కలిగించినవారి పక్షమునుండి కూడ సంగతిని చూడగలిగారు.

వానలు తెప్పించువాడు

ఆ సంవత్సరములలో వానలు పూర్తిగా తప్పిపోయినవి. పశువులు చచ్చినవి. అధిపతి, పెద్దలు చాల దూరమునుండి వానలు తెప్పించు ఒక ప్రసిద్ధుని పిలిపించారు. అతడు ఎన్ని క్రియలు చేసినను మేఘము కనికరించలేదు. ఒక కారణము చెప్పక తప్పదు గనుక, మిషను గంట మ్రోతయే మేఘములను బెదరగొట్టుచున్నదని అతడు చెప్పెను. ప్రజలకు పాదిరుల మీద కోపము పెరిగినది. చివరకు అతని మీదనే విసుగు పుట్టి, పెద్దలు అతనిని ఈటెలతో పొడిచి చంపవలెనని నిశ్చయించారు. ఆ వార్త తెలిసి మొఫాట్ గారు పెద్దల సభకు పరుగెత్తిపోయి, తనపై నింద వేసిన ఆ మనిషి ప్రాణము కొరకు బ్రతిమాలి, అతనిని క్షేమముగా సాగనంపించారు.

వానలు మాత్రము రాలేదు. ఒకనాడు ఒక పెద్ద ఈటె చేతబట్టుకొని కొందరితో వచ్చి, మిషనెరీలు దేశము విడిచిపోవలెనని, లేనియెడల బలవంతము చేయుదుమని చెప్పెను. మేరీ గారు పసిబిడ్డను ఎత్తుకొని గుడిసె గుమ్మములో నిలిచియుండిరి. మొఫాట్ గారు అంగీ విప్పి రొమ్ము చూపి, తాము వెళ్ళేది లేదని, చంపదలచినయెడల చంపవచ్చునని తెలియజేశారు. మరణమునకు వెరవని మనుష్యులను ఏమి చేయవలెనో తోచక వారు వెనుకకు మరలిపోయారు.

రెల్లు బీడులో రెండవ తోట

1823లో కరవు, యుద్ధములచేత చెదరిన వేలమంది ఆ దేశముపైకి వచ్చిపడ్డారు. మొఫాట్ గారు గ్రిక్వా ప్రజల సహాయము తెచ్చుటకు పరుగెత్తారు. జూన్ నెలలో డితాకాంగ్ వద్ద జరిగిన పోరాటములో గ్రిక్వా గుఱ్ఱపు దళము వారిని త్రిప్పికొట్టినది. ఆ పోరాటపు కారణములను గూర్చి చరిత్రకారులు నేటికిని వాదించుకొనుచున్నారు. ఏమైనను, ఆ తరువాత మొతిబికి మిషనెరీలమీద నమ్మకము కుదిరినది.

పాత స్థలములో నీటి తగవు తీరునది కాదని మొఫాట్ గారు గ్రహించి, కురుమాను కన్నుకు దగ్గరగా, సుమారు 5 కిలోమీటర్ల దిగువన, రెల్లు నిండిన పల్లపు నేలను మొతిబివద్ద అడిగి, ప్రతిఫలముగా పూసలు ఇచ్చి తీసికొన్నారు. 1824లో పని మొదలైనది. రెల్లు నరికి, బురద తీసి, కాలువ తవ్వి, రాతి ఇండ్లు కట్టుటకు ఏండ్లు పట్టినది. మొఫాట్ గారే తోటమాలి, కమ్మరి, వడ్రంగి, తాపీమేస్త్రి. ఆ కాలువ నీటితో గోధుమ, మొక్కజొన్న, బంగాళాదుంప పండినవి. ద్రాక్ష, అంజూరము, పీచ్, బాదము చెట్లు ఎదిగి కాసినవి.

తొలుత నవ్విన ప్రజలు మెల్లమెల్లగా తామే కాలువలు తవ్వుటకు దిగారు. మట్టపు లెక్క తెలియక తవ్విన మొదటి కాలువలు వంకరటింకరగా పోయినవి. అయినను నేర్చుకొన్నారు. ఎడ్లను కట్టి నాగలి దున్నుట వచ్చినది. మిషను కాలువ క్రింద సంఘస్థులకును మడులు ఏర్పడినవి. మొదటి తోటకు, రెండవ తోటకు భేదము ఇదే. మొదటిది వారి కన్నుల ఎదుట పండినది. రెండవది వారి చేతులలో కూడ పండినది.

తోట విడిచి భాష వద్దకు

ఇన్ని ఏండ్ల శ్రమ జరిగినను సంఘము మాత్రము పుట్టలేదు. ఒక్కరును బాప్తిస్మము కొరకు రాలేదు. మొఫాట్ గారు తన లోపమును వెదకుకొన్నారు. తాను డచ్చిలో మాట్లాడుట, దుబాసి దానిని తనకు తోచినట్లు చెప్పుట. ఆ దుబాసి మాటలు ఒక్కొక్కప్పుడు అర్థమునే తలక్రిందులు చేయుచున్నవని ఆయన కనుగొన్నారు. 1827లో ఆయన ఇంటిని, తోటను విడిచి, కొన్ని వారములు దూరపు పశువుల మందలవద్ద బరోలాంగ్ ప్రజలతో కలిసి బ్రదుకుచు, వారి పిల్లలనోట, పెద్దలనోట సేత్స్వానా నేర్చుకొన్నారు. అది ఆయన చేసిన దుక్కులన్నిటిలో లోతైన దుక్కి అని నేనందును.

1829లో, దుబాసి లేని బోధ వినిన తరువాత, ఆ ప్రజలలో కన్నీటితో కూడిన మార్పు కలిగినది. ఆ సంవత్సరము మొదటి ఆరుగురు బాప్తిస్మము పొందారు. మేరీ గారు అంతకు ముందే, ఒక్క విశ్వాసియు లేని దినములలో, ఇంగ్లండులోని ఒక స్నేహితురాలికి ప్రభువు బల్ల సంస్కారమునకు పాత్రలు పంపుమని వ్రాసియుండిరి. ఆ పాత్రలు సరిగా మొదటి సంస్కారపు ఆరాధన వేళకు అందినవి.

1830లో మొఫాట్ గారు తాను తర్జుమా చేసిన లూకా సువార్తను కేప్‌టౌనులో, పనివారు చాలక, తానే అచ్చుపని నేర్చుకొని అచ్చువేశారు. తిరుగు ప్రయాణములో ఒక అచ్చుయంత్రమును కురుమానుకు తెచ్చారు. 1838లో పెద్ద రాతి ఆలయము పూర్తి అయినది. దాని పైకప్పు దూలములను వందల మైళ్ళ దూరమునుండి ఎడ్లబండ్లమీద తెచ్చారు. 1840లో క్రొత్త నిబంధన లండనులో అచ్చయినది. 1857 నాటికి పాత నిబంధన కూడ కురుమానులోనే పూర్తి అయి, సేత్స్వానా ప్రజలకు తమ భాషలో సంపూర్ణ బైబిలు చేతికి వచ్చినది.

1841లో డేవిడ్ లివింగ్‌స్టన్ అను యువ వైద్యుడు కురుమానుకు వచ్చారు. మొఫాట్ గారి పెద్ద కుమార్తె మేరీని ఆ తోటలోని బాదము చెట్టు క్రిందనే ఆయన వివాహమునకు అడిగారని చెప్పుదురు. 1845లో వారి వివాహము జరిగినది. మొఫాట్ గారు ఉత్తరమున ఎండబెలే రాజైన మ్జిలికాజి వద్దకు 1829 మొదలు ఐదు పర్యాయములు ప్రయాణము చేశారు. ఆ స్నేహము ఫలితముగా 1859లో ఇన్యాటిలో క్రొత్త మిషను స్థాపింపబడినది.

1870 మార్చిలో ఆ వృద్ధ దంపతులు కురుమానును విడిచారు. బండి కదలినప్పుడు ప్రజలు ఏడ్చుచు వెంట నడిచారు. పది మంది బిడ్డలను కని, వారిలో కొందరిని ఆ నేలలోనే పాతిపెట్టిన మేరీ గారు, ఇంగ్లండు చేరిన కొన్ని నెలలకే, 1871 జనవరిలో ప్రభువునందు నిద్రించారు. మొఫాట్ గారు 1883 ఆగస్టు 9న, ఎనుబదియేడేండ్ల వయస్సులో, కెంట్ జిల్లాలోని లీ గ్రామములో కన్నుమూశారు.

నేటి వెలుగులో

ఇంతటితో ఆపితే ఇది పొగడ్త అగును. నిజము చెప్పవలెనన్న మరి కొంత చెప్పవలెను.

మొఫాట్ గారు పూసలు ఇచ్చి ఆ నేలను కొన్నానని తలంచారు. కాని సేత్స్వానా ప్రజల మర్యాదలో నేల జాతి అంతటిది. అధిపతి దానిని వాడుకొనుటకు ఇచ్చును గాని అమ్మడు. మొతిబి పూసలు పుచ్చుకొన్నప్పుడు ఆయన మనస్సులో ఉన్నది అమ్మకమా, అనుమతియా అని నేటి చరిత్రకారులు అడుగుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాగలి వచ్చినప్పుడు ఇంకొక మార్పు కలిగినది. పశువులు పురుషుల సొత్తు గనుక నాగలి పురుషుల చేతికి పోయినది. తరతరములుగా స్త్రీలదైన సేద్యములో స్త్రీల మాటకు విలువ తగ్గినది. కరవుకు కారణము ప్రజలు చెట్లు నరికివేయుటయేనని మొఫాట్ గారు వారిని నిందించారు. చెట్లు నాటవలెనన్న ఆయన హితబోధ మంచిదే గాని, ఆ దేశములో కరవులు మునుపటినుండి వంతులవారీగా వచ్చుచున్నవేనని నేడు తెలియును.

ఆయన మరణించిన రెండేండ్లకు, 1885లో, బ్రిటిషు ప్రభుత్వము ఆ దేశమును తనలో కలుపుకొన్నది. తరువాత ప్రజల భూములు రిజర్వులుగా కుదించబడినవి. 20వ శతాబ్దములో వర్ణవివక్ష చట్టముల క్రింద ఆ చుట్టుప్రక్కల నల్లజాతి కుటుంబములు తాతల నాటి స్థలములు విడిచిపోవలసి వచ్చినది. వారు చేరిన పట్టణము పేరు మోతిబిస్టాడ్. మిషనెరీకి నేల ఇచ్చిన ఆ అధిపతి పేరే. ఇది మొఫాట్ గారి పాపము అని నేననను. అయితే నీరు, నేల ఎవరివి అన్న ప్రశ్న ఆ స్త్రీలు గండి కొట్టిన నాడే పుట్టినది. దానికి సరియైన జవాబు దొరకకుండనే చాల కాలము గడచినది. రాతి ఆలయము, కాలువ నేటికిని నిలిచియున్నవి.

మన యౌవనస్థులకు

నా సొంత తప్పిదము ఒకటి చెప్పెదను. కొన్ని ఏండ్ల క్రిందట నేను పనిచేసిన ఒక గురుమండలములో, పంట పండుగ సందర్భమున, మా యౌవనస్థులను తీసికొని ఒక పల్లెకు వెళ్ళి నూరు మొక్కలు నాటించాను. ఫోటోలు తీసికొన్నాము, ప్రార్థన చేసి వచ్చాము. వేసవిలో మరల వెళ్ళి చూడగా పది మొక్కలు కూడ బ్రదికి లేవు. నీరు ఎందుకు పోయలేదని నేను కొంచెము గట్టిగానే అడిగాను. ఒక వృద్ధురాలు నన్ను చేయి పట్టుకొని తీసికొనిపోయి, వారు త్రాగునీటికి నడిచి వెళ్ళు బావిని చూపినది. అడుగున బురద మాత్రము ఉన్నది. ఆమె ఏమియు అనలేదు. కురుమాను స్త్రీలు నాకు ఆ దినమున అర్థమయ్యారు. మొక్కలు నాటకముందు ఆ బావిని చూడవలెనన్న తలంపే నాకు రాలేదు.

ప్రియ యౌవనస్థులారా, ఆఫ్రికాకు వెళ్ళవద్దని నేను చెప్పను. ప్రభువు పిలిచినయెడల వెళ్ళుడి. అయితే మొఫాట్ గారి పార పట్టుకొని వెళ్ళువారు ఆయన నేర్చుకొనిన పాఠములను కూడ పట్టుకొని వెళ్ళవలెను. ఆ ఊరి నీరు ఎవరిదో, ఎవరి వంతు ఎప్పుడో ముందు అడుగుడి. అక్కడ సేద్యము చేయుచున్న తల్లులను కలిసి, వారు ఏమి విత్తుదురో, ఎందుకు అదే విత్తుదురో వినుడి. వారి భాషలో నాలుగు మాటలైనను నేర్చుకొనుడి. మీరు వెళ్ళిపోయిన తరువాత నీరు పోయు చేయి ఎవరిదో తెలియకుండ ఒక్క మొక్కను కూడ నాటకుడి. రెండు వారములలో చేయదగిన పని కలదు. అది అక్కడివారు మొదలుపెట్టిన తోటలో, వారి మాట విని, వారి క్రింద కూలివానిగా పనిచేయుట. తోట మనదని చెప్పుకొనుటకు రెండు వారములు చాలవు. మొఫాట్ గారికి యాభై ఏండ్లు కూడ చాలలేదు.

మన అధ్యక్ష మండలము కూడ ఇతరులు నాటిన తోటయే. నూరేండ్ల క్రిందట వచ్చినవారు తెలిసి చేసిన మేలులున్నవి, తెలియక చేసిన పొరపాట్లున్నవి. వారు తవ్విన బావులు, కట్టిన పాఠశాలలు, సంపాదించిన స్థలములు నేడు మన చేతిలో ఉన్నవి. ఆ బావి నీటిలో ప్రక్క పేటవారికి వంతు కలదా అని ఈ శతవార్షిక సంవత్సరములో ప్రతి సంఘ కమిటీయు ఒకసారి ప్రశ్నించుకొనునుగాక. కొందరు నాటుదురు, కొందరు నీళ్ళు పోయుదురు. వృద్ధి కలుగజేయువాడు దేవుడు గనుక మనలో ఎవరికిని అతిశయించుటకు తావు లేదు. ఆయనకే మహిమ కలుగునుగాక. ఆమేన్.